పాసవుతున్న పిల్లాడికి స్పెషల్ ఎడ్యుకేషన్ అడగొచ్చా?

ప్రశ్న: రెండేళ్ల కిందట హైదరాబాద్ నుంచి టెక్సాస్ వచ్చాం. బాబు టెన్త్ గ్రేడ్. లెక్కలు బాగా చేస్తాడు. పేజీ చదవాలంటే మాత్రం చాలాసేపు పడుతుంది, స్పెల్లింగులన్నీ తప్పులే. చిన్నప్పుడు తెలుగులోనూ ఒత్తులు, గుణింతాలు తప్పేవాడు. స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం ఎవాల్యుయేషన్ అడగమని టీచర్ అన్నారు. పాసవుతూనే ఉన్నాడు కదా, ఆ ముద్ర పడితే కాలేజీ సీటుకీ, వీసాకీ ఇబ్బందేమోనని మావారి భయం. ఏం చేయమంటారు?

జవాబు: టీచర్ మాట వినండమ్మా. మీరు రాసినవాటిలో తెలుగు ఒత్తుల సంగతి చాలా ముఖ్యం. ఇంగ్లిష్ రాకపోవడమే అసలు కారణమైతే చట్టప్రకారం అర్హత రాదు. మీవాడు తెలుగులో కూడా తడబడ్డాడంటే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, స్పెల్లింగు కష్టమయ్యే సమస్య) ఉందేమో చూడాలి. అది తేల్చాల్సింది నిపుణులే. పాత తెలుగు డిక్టేషన్ నోటుబుక్కులు ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటోలు తెప్పించి వాళ్లకు చూపించండి.

పాసవుతున్నాడన్నది అడ్డు కాదు. ఏటా పై తరగతికి వెళ్తున్న పిల్లలకూ అర్హత ఉండొచ్చని ఐడీఈఏ అనే ఫెడరల్ చట్టం నిబంధనల్లోనే ఉంది. చూసేది రెండే: చట్టం చెప్పిన 13 రకాల వైకల్యాల్లో ఏదైనా ఉందా, దానివల్ల ప్రత్యేక బోధన అవసరమా. ప్రత్యేక బోధన అక్కర్లేదని తేలినా, 504 ప్లాన్ (వైకల్యమున్న పిల్లలకు స్కూలు చేసే సర్దుబాట్ల పత్రం) కింద పరీక్షలో అదనపు టైం వంటివి అడగొచ్చు.

నోటిమాటగా అడిగి ఊరుకోకండి. డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కు ఈమెయిల్ పెట్టండి. టెక్సాస్‌లో రాతపూర్వకంగా అడిగితే 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి. ఒప్పుకుంటే, మీరు సంతకం పెట్టాక మామూలుగా 45 స్కూలు రోజుల్లో రిపోర్టు పూర్తిచేయాలి. స్కూలు రోజులే లెక్క కాబట్టి వేసవి దాకా ఆగితే టెన్త్ అలాగే గడిచిపోతుంది. తర్వాత ఏఆర్‌డీ మీటింగు, అంటే అర్హత, సేవలు తేల్చే స్కూలు కమిటీ సమావేశం జరుగుతుంది; అందులో మీరూ సభ్యులే. కావాలంటే తెలుగు దుబాసీని ముందే అడగండి. ఇదంతా ఉచితం, మీ అనుమతి లేకుండా సేవలు మొదలుపెట్టరు.

వీసా భయం వదిలేయమనండి. ఏ వీసా మీద ఉన్నా, అసలు వీసా లేకపోయినా పిల్లల్ని బడి నుంచి తోసేయకూడదని 1982లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. స్పెషల్ ఎడ్యుకేషన్ ఆ బడి చదువులో భాగమే. అడ్మిషన్ ఇచ్చేముందు వైకల్యం ఉందా అని కాలేజీలు అడగకూడదు. చెప్పాలా వద్దా అన్నది మీ అబ్బాయి ఇష్టం.

నాకున్న దిగులు వేరే. ఐఈపీ, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో మీవాడి కోసం రాసే ప్రత్యేక ప్రణాళిక, హైస్కూలుతోనే ఆగిపోతుంది. కాలేజీలో అతనే డిసెబిలిటీ ఆఫీసుకు వెళ్లి అడగాలి, అప్పుడీ రిపోర్టు చేతిలో ఉంటే మేలు. కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో అదనపు టైముకు, దాన్ని నిర్వహించే కాలేజ్ బోర్డ్ అనుమతి రావడానికే ఏడు వారాల దాకా పట్టొచ్చు. ఇవన్నీ వెనక్కి లెక్కేసుకుంటే మీకు మిగిలింది కొద్ది కాలమే.

ఇంకో మాట. మీ ఉత్తరంలో బాబు ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. 18 నిండాక ఈ హక్కులన్నీ అతని చేతికే వస్తాయి. ఈమెయిల్ పంపేముందు ఇవాళ రాత్రి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ క్లాసులో బాగా కష్టంగా ఉందో అడగండి. అతను చెప్పిందే ఆ ఈమెయిల్లో మొదటి వాక్యంగా రాయండి.