ముందు వైద్యం, తర్వాతే కాగితాలు

ప్రశ్న: మా పక్కింటి ఏడేళ్ల పాపపై బంధువే అఘాయిత్యం చేశాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, 'ముందు పోలీసు కాగితం తెండి' అన్నారు. ఇది సబబేనా?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: కాదమ్మా. పిల్లల డాక్టరుగా ఇలాంటిది వింటే నాకు ఒళ్లు మండుతుంది. అత్యవసర వైద్యానికి ముందు కాగితాలు అడగకూడదని పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణ చట్టం) 2020 నిబంధనల్లోనే ఉంది. ప్రైవేటైనా డబ్బు తీసుకోకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే, తల్లో, పాప నమ్మే మరొకరో పక్కనుండగా పరీక్షించాలి. డాక్టరు పోలీసులకు చెబితే 'పరువు పోయింది' అని గొడవపడకండి; చెప్పకపోతే శిక్ష డాక్టరుకే.

స్నానం చేయించకపోయి ఉంటే ఇప్పుడు చేయించొద్దు. ఆ బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మకు పాడవుతాయి. ఏం జరిగిందని పాపను పదేపదే అడగొద్దు, చుట్టాల ముందు అసలే వద్దు. ఈరోజే చిత్తూరు జిల్లా ఆసుపత్రికో, తిరుపతి రుయాకో తీసుకెళ్లమనండి. దారిలోనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.