సినిమా సందేహాలు: కమెడియన్‌కి సీరియస్ వేషం

ప్రశ్న: షార్ట్ ఫిల్ముల్లో కామెడీ చేసి పేరు తెచ్చుకున్నాను. సినిమాల్లో పిలుస్తున్నారు గానీ అన్నీ హీరో ఫ్రెండ్ వేషాలే. సీరియస్ పాత్రలు రావాలంటే ఏం చేయాలి? (తెనాలి)

జవాబు: ముందు మీ షోరీల్ (మీ నటన చూపించే చిన్న వీడియో) చూసుకోండి. అందులో అన్నీ జోకులే ఉంటే కో-డైరెక్టర్ మిమ్మల్ని ఇంకోలా ఎందుకు ఊహించుకుంటాడు? సీరియస్ పాత్రల కోసం విడిగా ఒకటి చేయండి. రెండు నిమిషాలు దాటొద్దు, వెనక సంగీతం వద్దు, సాదా గోడ ముందు తీస్తే చాలు. రెండు సీన్లు పెట్టండి: ఒకదాంట్లో మీరు మాట్లాడాలి, రెండోదాంట్లో ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వినాలి. అసలు పరీక్ష ఈ వినడంలోనే. కామెడీలో ఎదుటివాడి మాట పూర్తికాకముందే ముఖంలో రియాక్షన్ పడిపోతుంది. ఆ అలవాటు కొద్దీ కనుబొమ్మ కాస్త లేచినా చాలు, ఏడుపు సీన్లోనూ హాల్లో నవ్వు వినబడుతుంది.

గొంతుదీ అదే తంతు. పంచ్ కోసం చివరి మాటను పైకి లేపడం డబ్బింగ్‌లో అలవాటైపోతుంది. అదే డైలాగును చివరి మాట కిందికి దించి చెప్పి, ఫోన్లో రికార్డు చేసి, బొమ్మ చూడకుండా వినండి. తేడా మీకే తెలుస్తుంది.

హీరో ఫ్రెండ్ వేషాలు మానేయకండి. కథ మొత్తం విని, ఆ ఫ్రెండ్‌కి ఎక్కడైనా మలుపు ఉందేమో చూడండి. ‘గమ్యం’ (2008)లో అల్లరి నరేష్ చేసిన గాలి శీను అలాంటివాడే. అంతసేపు నవ్వించాడు కాబట్టే అతని చావు గుండెకు తగిలింది. చేయని నేరానికి జైల్లో మగ్గే ‘నాంది’ (2021) వేషం నరేష్‌కి ఆ తర్వాత చాలా ఏళ్లకు గానీ రాలేదు.

ప్రశ్న: సునీల్ హీరోగా గెలిచి కూడా మళ్లీ సహాయ పాత్రలకు ఎందుకు వచ్చారు? (కరీంనగర్)

జవాబు: ‘మర్యాద రామన్న’ (2010)లో హీరో గడప దాటితే చంపేస్తారని తెలిసి, ఆ ఇంట్లోనే ఉండిపోవడానికి సాకులు వెతికే పిరికివాడు. సునీల్‌ మీద జనానికున్న కమెడియన్ ముద్రే ఆ కథకు ఇంధనం. తర్వాత సిక్స్‌ప్యాక్ వచ్చింది, ‘పూలరంగడు’ (2012) ఆడింది కూడా. కానీ ఫైట్లు, డాన్సులు చేసే హీరోలకు మనకు కొరతా? ఆయనకే సొంతమైనది అక్కడ చేజారిందని మా అభిప్రాయం. ‘కలర్ ఫొటో’ (2020) ఇన్‌స్పెక్టర్, ‘పుష్ప’ (2021) మంగళం శ్రీను లాంటి విలన్ వేషాలు ఆయన్ను మళ్లీ నిలబెట్టాయి. విలనీకి కామెడీ టైమింగ్ బాగా పనికొస్తుంది: పంచ్‌కు ముందు పట్టే విరామమే అక్కడ బెదిరింపు అవుతుంది. కోట శ్రీనివాసరావు ‘ప్రతిఘటన’ (1985)లో మంత్రి కాశయ్యగా భయపెట్టి, రెండేళ్లకే ‘అహ నా పెళ్ళంట’లో పిసినారి లక్ష్మీపతిగా నవ్వించారు.

ప్రశ్న: కమెడియన్లే సీరియస్ వేషాలు వద్దంటారట, నిజమేనా? (హైదరాబాద్)

జవాబు: కొంత నిజమే, డబ్బు లెక్క ఉంది. రోజు రేటు మీద పనిచేసే కమెడియన్ ఒకే నెలలో మూడు నాలుగు సినిమాలకు కాల్‌షీట్లు సర్దగలడు. సీరియస్ పాత్రకు గడ్డం పెంచితే కంటిన్యుటీ కోసం (సీన్ల మధ్య రూపం మారకుండా) షూటింగ్ అయ్యేదాకా తీయకూడదు, మిగతావన్నీ ఆగిపోతాయి. అందుకే ఒప్పుకునేముందు రోజులన్నీ ఒకే షెడ్యూల్లో వేయమని అడగాలి. అది కుదరకపోతే గడ్డం లేని గెటప్‌కి దర్శకుణ్ణి ఒప్పించుకోవాలి.