పెద్ద నెట్‌వర్క్‌ల గణితంలోకి పోయే బిడ్డకు

బిడ్డా శ్రావణీ,

నెట్‌వర్క్‌ల మీద గణితం చేసేవాళ్ల పని ఎట్లుంటుంది, నల్లగొండలో బీఎస్సీ చదువుకుంటూ అందులోకి ఎట్లా పోవాలి అని రాశావు. పరీక్షల సంగతి తర్వాత. ముందు పనేంటో తెలుసుకో. రంగురంగుల చుక్కలు, గీతల బొమ్మలు చూసి ఇష్టపడి వచ్చేవాళ్లు చాలామందే. లెక్కలు మొదలయ్యాక నిలబడేది కొందరే.

పెద్ద నెట్‌వర్క్ మొత్తంగా ఎవరి చేతికీ దొరకదు, అసలు చిక్కంతా అక్కడే. దొరికిన ముక్కను చూసి మొత్తం గురించి చెప్పాలి. ఒక లెక్క చెయ్యి. పది లక్షల ఫోన్లు, ఒక్కోదానికి సగటున 20 పరిచయాలు. ఫోన్ లాంటి చుక్కను నోడ్ అంటాం, రెండు చుక్కలను కలిపే గీతను ఎడ్జ్ అంటాం. ప్రతి ఎడ్జ్‌కు రెండు కొసలు కాబట్టి మొత్తం కోటి ఎడ్జ్‌లు. పదింట ఒక ఫోన్‌ను లాటరీ తీసినట్టు ఎంచుకుని, ఎంచినవాటి మధ్య ఉన్న ఎడ్జ్‌లు మాత్రమే ఉంచు. నోడ్‌లు లక్ష మిగులుతాయి. ఎడ్జ్‌లు పది లక్షలు మిగలవు, అవీ లక్షే. ఎడ్జ్ నిలవాలంటే రెండు కొసలూ ఎంపికలోకి రావాలి, అంటే పదో వంతులో పదో వంతు. సగటు 20 కాస్తా 2కు పడిపోతుంది. ఇది తెలియనివాడు ఆ ఫోన్లున్న జనం ఒకరితో ఒకరు మాట్లాడుకోరని రిపోర్టు రాసి పడేస్తాడు.

ఇంకో రకంగా కూడా తప్పు జరుగుతుంది. పాలమూరు వలస కూలీల సర్వే అనుకో. కూలీలను పనికి తీసుకుపోయే ఒక గుంపుమేస్త్రీ, ఆయన కింద 40 మంది. మేస్త్రీతో లింకు మాత్రమే రాసుకుంటే 41 మందికి 40 లింకులు, సగటు రెండుకు కాస్త తక్కువ. కానీ ఏ కూలీని అడిగినా నన్ను తీసుకుపోయింది ఆయనేనని మేస్త్రీనే చూపిస్తాడు. ఒకరు చెప్పిన పేరు పట్టుకుని ఇంకొకరి దగ్గరికి పోయే సర్వేలో ఎక్కువ పరిచయాలున్నవాళ్లే పదేపదే తగులుతారు. మన స్నేహితులకు మనకంటే ఎక్కువమంది స్నేహితులు ఉన్నట్టు ఎందుకు కనబడుతుందో 1991లో స్కాట్ ఫెల్డ్ చూపించింది ఈ లెక్కతోనే. దిద్దుకోవాలంటే ప్రతి మనిషినీ నీకెన్ని పరిచయాలని కూడా అడగాలి. సగటు తీసేటప్పుడు పది పరిచయాలున్నవాడికి పదో వంతు, నలభై ఉన్నవాడికి నలభయ్యో వంతు బరువు ఇవ్వాలి. ఆ సంఖ్య రాసుకోకుండా తిరిగొస్తే ఇంట్లో కూర్చుని దిద్దలేవు.

అందుకే గ్రాఫ్ థియరీ, అంటే ఈ చుక్కలు గీతల గణితం, కంటే ముందు సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా గట్టిపరచుకో. మొదట 1959–60లలో ఏర్డోష్, రేనీ రాసిన యాదృచ్ఛిక గ్రాఫ్‌లను పట్టుకో. వాటిలో ఏ రెండు నోడ్‌ల మధ్య ఎడ్జ్ ఉంటుందో లాటరీ తీసినట్టు తేలుతుంది. సగటు పరిచయాలు 1 కంటే తక్కువైతే అన్నీ చిన్న ముక్కలే. 1 దాటగానే ఒక మహా ముక్క లేస్తుంది. సగటు 2 అయితే నోడ్‌లలో 79.7 శాతం దాని లోపలే ఉంటాయి, ఏ లింకూ లేని ఒంటరివి 13.5 శాతం. పది లక్షల నోడ్‌లలో ఒక్కటీ విడిపోకుండా కలవాలంటే సగటు 13.8 దాటాలి, అది పది లక్షలకు సహజ లాగరిథం. ఇవన్నీ కాగితం మీద రాబట్టాకే పైథాన్‌లో చేసి చూడు.

పైథాన్‌లో కొత్తవాళ్లు చేసే తప్పు, అంత గ్రాఫ్‌ను మాత్రికగా పెట్టడం. పది లక్షల నోడ్‌లకు లక్ష కోట్ల గడులు. గడికి ఒక బైటు అనుకున్నా ఒక టెరాబైట్, ఏ ల్యాప్‌టాప్ అయినా చేతులెత్తేస్తుంది. ఎడ్జ్‌ల జాబితాగా పెడితే కోటి ఎడ్జ్‌లు, ఎడ్జ్‌కు 8 బైట్లు, 80 మెగాబైట్లతో సరి. పరిచయాల సంఖ్యలను రెండు వైపులా లాగ్ స్కేల్ మీద పెట్టి గీత తిన్నగా కనబడగానే పవర్ లా, అంటే సంఖ్య పెరిగేకొద్దీ ఒక ఘాతం ప్రకారం తగ్గే నియమం, అని ప్రకటించే అలవాటు కూడా వద్దు. కొసన ఉండేవి కొన్ని బిందువులే, అవి ఎటైనా లాగుతాయి. గరిష్ఠ సంభావ్యత (మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్) పద్ధతితో ఘాతం కట్టి, దాన్నే పోలి కనబడే లాగ్‌నార్మల్ అనే మరో పంపకంతో పోల్చాకే మాట్లాడు.

పెద్ద గ్రాఫ్‌లకు అవధి ఏంటన్న సిద్ధాంతం, అంటే నోడ్‌లు పెరుగుతూ పోతే గ్రాఫ్ ఏ రూపానికి చేరుతుందన్నది, తర్వాత చదువు. లాస్లో లోవాస్, బలాజ్ సెగెడీ 2006లో రాసింది దట్టమైన గ్రాఫ్‌లకు, అంటే ఉండగలిగిన ఎడ్జ్‌లలో పెద్ద వంతు ఉన్నవాటికి, పనికొస్తుంది. లోవాస్‌కు 2021లో విగ్డర్సన్‌తో కలిపి గణితంలోని ఏబెల్ బహుమతి వచ్చింది. అయితే మనుషుల నెట్‌వర్క్‌లు పలచనివి, ఒక్కొక్కరికి కొద్ది పరిచయాలే, వాటికి ఆ అవధి సున్నా అయి కూర్చుంటుంది. పలచని గ్రాఫ్‌లకు బెంజమినీ, ష్రామ్ 2001లో ఇచ్చిన స్థానిక అవధి చూడు, అది ఒక్కో నోడ్ చుట్టుపక్కల చూసి కట్టేది. పీహెచ్‌డీకి నీ గైడ్ ఈ రెంటిలో ఏ వైపు పనిచేస్తాడో చేరకముందే కనుక్కో. ఆయన పాత విద్యార్థులకు ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు అని వాళ్లనే అడుగు. ఇంకోటి, గణితం పేపర్లలో పేర్లు సాధారణంగా అక్షరక్రమంలో ఉంటాయి, ముందున్నవాడు గొప్పని కాదు. భౌతికశాస్త్రం వైపునుంచి వచ్చిన నెట్‌వర్క్ పేపర్లలో మాత్రం మొదటి పేరుకు విలువ ఎక్కువ. కలిసి రాసేటప్పుడు ఈ సంగతి ముందే తేల్చుకో.

ఇక దారి. ఐఐటీల ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మూడు గంటలు, 100 మార్కులు, మ్యాథమెటిక్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ రెండు పేపర్లూ ఉన్నాయి. నీకు రెండోది కూడా కలిసొస్తుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ), చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లకు వేరే పరీక్షలు. వాటిలో రుజువులు రాయమంటారు, టిక్కులతో గట్టెక్కలేవు. వేసవి సెలవుల్లో గణితం విద్యార్థులకు జరిగే ఎంటీటీఎస్ శిక్షణ శిబిరానికి ఈ ఏడే అప్లై చెయ్యి, రుజువు రాయడం అక్కడ అలవాటవుతుంది.

ఉద్యోగం మాటేమిటని మీ నాయిన అడిగితే ఇట్లా చెప్పు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి, పరిశోధకులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000. పీహెచ్‌డీ అయిదేళ్లు అనుకోండి. పరిశోధన వద్దనిపిస్తే బ్యాంకు మోసాలు పట్టే టీముల్లో, మ్యాపుల కంపెనీల్లో ఈ లెక్కలు వచ్చినవాళ్లకు పని ఉంది, కాకపోతే కోడ్ రాయడం రావాలి. ఎమ్మెస్సీ మధ్యలో మానిపించకండి అని కూడా చెప్పు. నా మాటగా చెప్పు, వింటాడు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయిన