జపాన్‌లో ముసలివాళ్లు ఎక్కువట, మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది జగిత్యాల. మా పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. జపాన్‌లో ముసలివాళ్లు ఎక్కువని, ఆర్నెల్ల కేర్‌గివర్ కోర్సు చేస్తే అక్కడ ఉద్యోగం ఖాయమని ఒక ఏజెంటు చెబుతున్నాడు. ఇక నాలుగేళ్ల నర్సింగ్ ఎందుకంటోంది పాప. రేపు తిరిగొస్తే ఇక్కడ పని దొరుకుతుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఏజెంటు మొదటి మాట నిజమేనమ్మా. జపాన్‌లో 65 ఏళ్లు దాటినవాళ్లు 1970లో నూటికి 7 మంది. 1994కల్లా 14 మంది, ఇప్పుడు 29 మంది. ఏడు పద్నాలుగు కావడానికి ఫ్రాన్స్‌కు వందేళ్లు దాటింది, జపాన్‌కు 24 ఏళ్లే పట్టింది. మన దేశంలో ఇప్పుడు నూటికి 7 దగ్గర ఉన్నారు. అంటే 1970లో జపాన్ ఉన్నచోట ఉన్నాం. (మనం 60 దాటితే వృద్ధులంటాం, జపాన్‌లో 65. ఎవరైనా అంకెలు చూపిస్తే ముందు ఏ వయసు నుంచి లెక్కేశారో అడగండి.)

శాతం పక్కనపెట్టి తలలు లెక్కేస్తే కథ వేరు. 2011 జనాభా లెక్కలనాటికే ఇక్కడ 60 దాటినవాళ్లు 10 కోట్ల పైచిలుకు. జపాన్ మొత్తం జనాభాయే 12 కోట్లు.

మరి అన్ని ఉద్యోగాలు ఇక్కడెందుకు లేవు? పెద్దవాళ్లుంటే పని ఉంటుంది, జీతం ఉండాలంటే ఇచ్చేవాళ్లు కావాలి. జపాన్‌లోనూ చాలాకాలం ఆ పని ఇంట్లో కోడళ్ల నెత్తినే పడింది. 2000లో వృద్ధుల సంరక్షణకు ప్రత్యేకంగా బీమా పెట్టారు. 40 నిండినవాళ్లంతా ప్రీమియం కడతారు, సేవ ఖర్చులో పెద్ద భాగం ఆ పద్ధతిలోనే వస్తుంది. మన దగ్గర అలాంటి బీమా లేదు. అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడ అమ్మానాన్నలకు ఆయాను పెట్టినా, ఆ జీతం వాళ్ల జేబులోంచే రావాలి. అందుకే ఆర్నెల్ల సర్టిఫికెట్‌కు ఇక్కడ పెద్ద విలువ లేదు.

ఇక వీసా సంగతి. 2019లో మొదలైన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకు నర్సింగ్ డిగ్రీ అక్కర్లేదు. 18 ఏళ్లు నిండాలి, సంరక్షణ పరీక్షలతో పాటు ఎన్4 స్థాయి (ఐదు మెట్లలో కింది నుంచి రెండోది) జపనీస్ రావాలి. మామూలుగా గడువు 5 ఏళ్లు, కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వరు. ఆలోగా 3 ఏళ్ల అనుభవంతో, అక్కడి శిక్షణతో 'కైగో ఫుకుషిషి' (అర్హత పొందిన సంరక్షణ నిపుణులు) అనే జాతీయ పరీక్ష పాసైతే వేరే వీసాకు మారొచ్చు, భర్తనూ పిల్లలనూ తీసుకెళ్లొచ్చు. పరీక్ష జపనీస్‌లోనే. పాసవకపోతే 24 ఏళ్లకు చేతిలో డిగ్రీ లేకుండా జగిత్యాల బస్సెక్కాలి.

నా ఓటు బీఎస్సీ నర్సింగ్‌కే, కుదరకపోతే జీఎన్‌ఎమ్ (నర్సింగ్ డిప్లొమా). నర్సింగ్ రెండో ఏడాది నుంచి పక్కనే జపనీస్ మొదలుపెట్టనివ్వండి. కోర్సయ్యాక జపానా, ఇంకో దేశమా, ఇక్కడి ఆసుపత్రా తనే తేల్చుకుంటుంది. అయితే మన నర్సు రిజిస్ట్రేషన్‌తో అక్కడ నర్సుగా చేయలేరు, దానికి వాళ్ల పరీక్ష మళ్లీ రాయాలి. ఏజెంటుకు రూపాయి ఇచ్చేముందు విదేశాంగ శాఖలో రిజిస్టరయ్యాడో లేదో చూడండి. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ అడగండి.

ఇంకొకటి. కేర్‌గివర్ పనంటే స్నానం చేయించడం, అన్నం తినిపించడం, డైపర్ మార్చడం. ఈ సెలవుల్లో పాపను దగ్గర్లోని వృద్ధాశ్రమానికి ఓ వారం పంపండి. వచ్చాక ఏమంటుందో నాకు రాయండి.