రెండు ఐఎస్‌పీలు ఉన్నప్పుడు ఇన్‌బౌండ్ ట్రాఫిక్ మెయిన్ లింక్ మీదే రావాలంటే ఏం మార్చాలి?

బీజీపీలో (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్) మెయిన్ లింక్‌కి లోకల్ ప్రిఫరెన్స్ (ఏ రూట్ ముందు ఎంచుకోవాలో చెప్పే విలువ, ఎక్కువున్నదే గెలుస్తుంది) 200 పెట్టినా డౌన్‌లోడ్ ట్రాఫిక్ బ్యాకప్ లింక్ మీదే వస్తోంది అన్నారు కదా, అది అంతేనండి, ఆ విలువ మీ ఏఎస్ (ఒకే సంస్థ నడిపే, సొంత నంబరున్న నెట్‌వర్క్) దాటి పోదు, మీ నుంచి బయటికెళ్ళేది ఏ లింక్ ఎక్కాలో మాత్రమే తేలుస్తుంది. లోపలికి వచ్చేది అవతలివాళ్ళ రౌటర్ల ఇష్టం, మనం నచ్చచెప్పగలం అంతే.

అందరూ ముందు చెప్పేది ఏఎస్ పాత్ ప్రీపెండ్, అంటే రూట్ దాటొచ్చిన ఏఎస్‌ల జాబితాలో మన నంబరే మళ్ళీ మళ్ళీ కలిపి దారి పొడవుగా కనిపించేలా చేయడం. మేమూ బ్యాకప్ వైపు మా ఏఎస్ నంబర్ రెండు మూడు సార్లు ఎక్కువ పెట్టి అనౌన్స్ చేశాం, ట్రాఫిక్ బాగానే తగ్గింది గానీ ఒక స్థాయి దగ్గర ఆగిపోయింది, ఆ పైన ఎన్ని కలిపినా గ్రాఫ్ కదల్లేదు. ఆ బ్యాకప్ ఐఎస్‌పీ లుకింగ్ గ్లాస్‌లో (వాళ్ళ రౌటర్లలో ఏ రూట్లున్నాయో చూపించే పేజీ) మా ప్రిఫిక్స్ (మా ఐపీ అడ్రస్‌ల బ్లాక్) కొట్టి చూస్తే రెండు రూట్లూ ఉన్నాయి, మా దగ్గర్నుంచి నేరుగా వెళ్ళినదానికి కస్టమర్ రూట్ అని లోకల్ ప్రిఫరెన్స్ ఎక్కువ, మెయిన్ వైపు నుంచి తిరిగొచ్చినదానికి తక్కువ. పాత్ పొడవు చూసేది దాని తర్వాతే కాబట్టి వాళ్ళ నెట్‌వర్క్‌లోంచి, వాళ్ళ మిగతా కస్టమర్ల నుంచి వచ్చేదంతా ఇటే వస్తుంది. డబ్బు కట్టే కస్టమర్ లింక్ వదిలేసి చుట్టూ తిప్పి ఎవరు పంపుతారు లెండి.

దీనికి మందు కమ్యూనిటీ, అంటే రూట్‌కి తగిలించి పంపే ఒక ట్యాగ్. ఫలానా కమ్యూనిటీ పంపితే మీ రూట్‌కి లోకల్ ప్రిఫరెన్స్ తగ్గిస్తాం అని చాలా ఐఎస్‌పీలు లిస్ట్ ఇస్తాయి, 1996 లోనే ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 1998 లో రాసిన పద్ధతే ఇది (1998 ఏడాది కాదు, నంబరు). పీర్ రూట్ల (వాళ్ళతో సమానంగా ట్రాఫిక్ మార్చుకునే నెట్‌వర్క్‌లవి) కన్నా, అప్‌స్ట్రీమ్ రూట్ల (వాళ్ళకి పై ఐఎస్‌పీలవి) కన్నా కిందికి దించేది అడగండి. సిస్కో ఐఓఎస్ (రౌటర్ సాఫ్ట్‌వేర్) అయితే ఆ ఐఎస్‌పీ నెయిబర్ కింద సెండ్ కమ్యూనిటీ ఉందో లేదో చూసుకోండి, అది లేకపోతే రూట్ మ్యాప్ (రూట్లకి ట్యాగ్‌ల్లాంటివి తగిలించే నియమాలు) ఎంత బాగా రాసినా కమ్యూనిటీ బయటికే పోదు.

మెడ్ (మన లింకుల్లో ఏది వాడాలో పక్క ఏఎస్‌కి సూచించే విలువ) వదిలేయండి, మామూలుగా దాన్ని ఒకే పక్క ఏఎస్ నుంచి వచ్చిన రూట్ల మధ్యే పోలుస్తారు, మీవి రెండు వేరు వేరు ఐఎస్‌పీలు.

ఇవేవీ కుదరకపోతే మాత్రం ప్రిఫిక్స్ విడగొట్టడం: బ్యాకప్‌లో /23 ఒక్కటే, మెయిన్‌లో /23 తో పాటు దాని రెండు సగాలైన రెండు /24 లు. లాంగెస్ట్ మ్యాచ్ (అడ్రస్‌కి సరిపోయే వాటిలో చిన్న బ్లాక్ రూట్‌నే ఎంచుకోవడం) ముందు ఏ యాట్రిబ్యూటూ నిలబడదు, మెయిన్ పడిపోతే /24 లు పోయి /23 మీద బ్యాకప్‌కి వచ్చేస్తుంది. అందరి రూటింగ్ టేబుల్స్ ఉబ్బించే పని కాబట్టి నేనైతే ఆఖరికే వాడతా. ఉన్నదే ఒక /24 అయితే ఇది కుదరదు, అంతకన్నా చిన్నవి దాదాపు అందరూ ఫిల్టర్ చేస్తారు. ఇంకోటి, ఆర్‌ఓఏలో (ఏ ప్రిఫిక్స్‌ని ఏ ఏఎస్ అనౌన్స్ చేయొచ్చో చెప్పే, సంతకం చేసిన రికార్డు) మ్యాక్స్ లెంగ్త్ (ఎంత చిన్న బ్లాక్ వరకు ఒప్పుకుంటారో) 23 ఉంటే మీ /24 లు ఇన్‌వాలిడ్ అయి చాలాచోట్ల డ్రాప్ అవుతాయి, అనౌన్స్ చేసే ముందే వాటికి విడిగా ఆర్‌ఓఏలు పెట్టుకోండి.