హైవే మీద దొరికిన పెద్ద కుక్కను ఎవరికివ్వాలి?

జడ్చర్ల దాబా దగ్గర ఎవరో వదిలేసిపోయిన జర్మన్ షెపర్డ్, 30 కిలోలు దాటింది, మేడ మీది అద్దె ఇంట్లో అమ్మానాన్నల మీదికి దూకుతోంది, చూసినోళ్ళందరూ "ఏదన్నా తోటకిచ్చెయ్" అంటున్నారు, ఇవ్వాలా అని కదా మీరడిగింది. తోట అనగానే ఇచ్చెయ్యకండన్నా. మాది నల్గొండ. లాబ్రడార్ పోలికలున్న ఇలాంటి మగకుక్క ఒకటి మా ఇంట్లో కొన్నాళ్ళుండి వేరే ఇంటికి వెళ్ళింది.

మా వైపు బత్తాయి తోటలకు కొదవా? ముందు వచ్చింది తోటలవాళ్ళే. ఒకాయన తోటకు వెళ్ళి చూశాను. బోరు, నీడ, నాలుగువైపులా కంచె, చూడ్డానికి అన్నీ ఉన్నాయి. కుక్క ఎక్కడుంటుందని అడిగితే మోటారు షెడ్డు పక్కన వేపచెట్టు చూపించాడు. చెట్టుకు గొలుసు అప్పటికే ఉంది. దాని చుట్టూ నేల గుండ్రంగా అరిగి, గడ్డిపోచ కూడా లేకుండా నున్నగా ఉంది. అంతకుముందున్న కుక్క తిరిగిన మేర అది. "గిది ఉంటే ఎవడన్నా కాయ ముడతడా సార్?" అన్నాడు మురిపెంగా. రాత్రిళ్ళు తోటలో మనిషి ఉండడు, జీతగాడు పొద్దున వచ్చినప్పుడే అన్నం. అంత తోటలో దానికి దక్కేది గొలుసు పొడవే. అలా గంటల తరబడి కట్టేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. కానీ అందులో మొదటి తప్పుకు రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు, ఎవడు లెక్కచేస్తాడు?

విడిచి పెంచుతామన్నా అడగాల్సినవి ఉన్నాయి. అడవి పందులకని కరెంటు తీగ పెడతారా, ఎలుకల మందు ఎక్కడ చల్లుతారు, పక్క చేనులో మేకలున్నాయా. అమ్రాబాద్ వైపైతే చిరుతల భయం అదనం.

తర్వాత ఒక పిల్లవాడు వచ్చాడు. కానిస్టేబుల్ పరీక్షకని రోజూ పొద్దున గ్రౌండులో పరిగెత్తేవాడు. కుక్క అతనితో ఎంత కలిసిపోయిందంటే నాకే అసూయ పుట్టింది. "సెలెక్టయి ట్రైనింగుకు పోతే?" అన్నాను. "అమ్మ చూస్కుంటదన్నా" అన్నాడు. అమ్మకు ఫోన్ చేయించాను. "నాకు కుక్కలంటేనే పడది బిడ్డా" అంది ఆమె. అప్పటి నుంచి ఒకటే షరతు పెట్టాను: అన్నం పెట్టేదెవరో వాళ్ళే వచ్చి చూడాలి. సగం మంది మళ్ళీ రాలేదు.

చివరికి తీసుకుంది పాలు పోసే ఒకామె. వచ్చి మెట్టు మీద కూర్చుంది. వీడు అలవాటు ప్రకారం భుజాల మీదికి ఎగిరాడు. ఆమె కేకెయ్యలేదు, తొయ్యలేదు. లేచి వీపు తిప్పి నిలబడింది. నాలుగు కాళ్ళూ కింద పెట్టాకే తిరిగి తల నిమిరింది. మళ్ళీ ఎగిరాడు, మళ్ళీ వీపు తిప్పింది. గేదెల దగ్గర వచ్చిన ఓపిక కావచ్చు. మీ ఇంట్లో కూడా ఇప్పటి నుంచే అందరూ ఇదే చేయండి, ఒకరు ముద్దు చేసి ఒకరు తిడితే దానికేం అర్థం కాదు.

ముందు అసలు ఓనరు వెతుకుతున్నాడేమో దాబా దగ్గర కనుక్కోండి, ఒంటి మీది గుర్తు ఒకటి మాత్రం ఎవరికీ చెప్పకండి, నాదే అని వచ్చినవాడు అది చెప్పగలడో లేదో చూడొచ్చు. పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించి కార్డు తీసుకోండి, చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు చూడమనండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాకే ఇవ్వండి, పిల్లల్ని అమ్ముకుందామని వచ్చేవాళ్ళు అక్కడే ఆగిపోతారు. తిప్పడం తెల్లారకముందే. మన ఎండకు తారు రోడ్డు మీద మీ చెయ్యి ఆననంత కాలితే దాని పాదాలూ కాలుతున్నట్టే.

వాట్సాప్ స్టేటస్‌లో "ఫ్రీ, మంచి కుక్క" అని పెట్టకండి. తాడు గుంజుతుంది, కోడిని చూస్తే ఆగదు, ఒంటరిగా వదిలితే చెప్పులు కొరుకుతుంది, ఉన్నదున్నట్టు రాయండి. ఫోన్లు తక్కువొస్తాయి, వచ్చినవాళ్ళు నిలబడతారు. ఇచ్చేటప్పుడు మీరే తీసుకెళ్ళి దింపండి, కుదరకపోతే రోడ్డు మీద వదలకుండా నాకే తిరిగివ్వండని గట్టిగా చెప్పండి.

మగదా ఆడదా, మేకల్ని చూస్తే ఏం చేస్తోందో రాయండి. నకిరేకల్ వైపు ఇద్దరు ముగ్గురున్నారు, అడిగి చూస్తాను.