ఆ బిల్డింగు కొనే ముందు, చిన్నా

మాటుంగా, ముంబై

చిరంజీవి చిన్నాకి,

మీ అత్తయ్య ఆశీర్వదించి రాసేది. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ చూశాను. ఫైవ్ గార్డెన్స్ దగ్గరి ఆ బిల్డింగు నాకు బయటి నుంచి బాగా తెలుసు. గుండ్రంగా తిరిగిన బాల్కనీలు, మెట్ల దగ్గర ఓడ కిటికీల్లాంటి గుండ్రటి కిటికీలు, గేటు మీద పొద్దుపొడుపు కిరణాల్లా వంచిన ఇనుప గ్రిల్లు. సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు మీ మావయ్య, నేను అక్కడ ఓ నిమిషం ఆగేవాళ్ళం. నువ్వూ, నీ స్నేహితులిద్దరూ కలిసి ఆ బిల్డింగు మొత్తం కొందామనుకుంటున్నారని తెలిసి సంతోషమూ వేసింది, భయమూ వేసింది. ఫోన్‌లో మాట్లాడితే తొందరలో అయిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

పన్నెండు ఫ్లాట్లకి ఆ ధరేమిటి, ఒక్కో ఫ్లాటు ఇంత చవగ్గా మాటుంగాలో ఎక్కడ దొరుకుతుంది అన్నావు. మొత్తం ధరని పన్నెండుతో భాగించావు. ఆ భాగారం దగ్గరే పొరపాటు జరిగింది. నీ చేతికి వచ్చేవి రెండు ఖాళీ ఫ్లాట్లు. మిగతా పదింటిలో పది కుటుంబాలున్నాయి. వాళ్ళు పగిడీ కట్టి ఉంటున్నవాళ్ళు. ఆ పది ఇళ్ళకీ నువ్వు కాగితం మీద యజమానివి అవుతావు, అంతే.

పగిడీ అంటే మన హైదరాబాద్ అడ్వాన్సు లాంటిది కాదు. అద్దెకు దిగేటప్పుడే ఆనాటి ఇంటి విలువలో పెద్ద భాగం యజమానికి ఒకేసారి కట్టేస్తారు. ఆ తర్వాత నెలకి నామమాత్రపు అద్దె. ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఆ హక్కుని ఇంకొకరికి అమ్ముకుంటారు, అందులో సుమారు మూడో వంతు యజమానికి ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. ఇదంతా చాలాకాలం చాటుమాటుగా జరిగేది. 1999లో చేసిన మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం దీన్ని చట్టబద్ధం చేసింది. అంతకు ముందున్న 1947 చట్టం అద్దెల్ని 1940 నాటి స్థాయిలో కట్టేసింది. ఇప్పుడు ఏడాదికి 4 శాతం పెంచుకోవచ్చు. నెలకి నాలుగు వందల అద్దె మీద 4 శాతమంటే పదహారు రూపాయలు. పది ఇళ్ళ అద్దె కలిపినా వాచ్‌మన్ జీతానికి సరిపోదు.

మేమూ 1979లో అలాగే వచ్చాం. మీ మావయ్యకి రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. నా గాజులు అమ్మి, మీ తాతగారి దగ్గర కొంత తెచ్చి పగిడీ కట్టాం. అందుకే ఆ పది కుటుంబాల్ని 'కదలని పాత అద్దెవాళ్ళు' అని నువ్వు రాస్తే మనసు చివుక్కుమంది. వాళ్ళు ఆనాడే తమ ఇంటికి డబ్బు కట్టారు. వాళ్ళతో కలిసి ఉంటున్న పిల్లలకి ఆ హక్కు సంక్రమిస్తుంది. నీకు సొంతానికి కావాలని దావా వేయొచ్చు కానీ, ఎవరికి ఎక్కువ కష్టం కలుగుతుందో కోర్టు తూచి చూస్తుంది. ధోబీ తలావ్‌లో అద్దె తగాదాలు చూసే స్మాల్ కాజెస్ కోర్టులో తండ్రి వేసిన దావాని కొడుకు నడిపిస్తున్న ఇళ్ళు నాకు తెలుసు.

నీ బ్రోకరు 'సీ1 రిపోర్టు తెప్పిస్తే ఆరు నెలల్లో ఖాళీ' అన్నాడని రాశావు. చిన్నా, ఆ మాట అన్నవాడితో ఇక మాట్లాడకు. ఇక్కడ మున్సిపాలిటీ పాత బిల్డింగుల్ని సీ1, సీ2ఏ, సీ2బీ, సీ3 అని విడగొడుతుంది. సీ1 అంటే నివాసానికి పనికిరాదు, ఖాళీ చేసి కూల్చేయాలి. సీ2బీ అంటే మనుషులు ఉండగానే పెద్ద మరమ్మతు చేయొచ్చు. నిలబడగలిగిన బిల్డింగుకి డబ్బిచ్చి సీ1 రాయించి ముసలివాళ్ళని రోడ్డు మీదికి పంపడం పాపం. అది చేసేటట్లయితే ఈ ఉత్తరం ఇక్కడితో ఆపి పక్కన పెట్టు. ఆ పాపం వల్ల దక్కేదీ ఏమీ లేదు. బిల్డింగు కూలినంత మాత్రాన అద్దెహక్కు పోదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. అద్దెవాళ్ళు ఇంకో ఇంజనీరు చేత వేరే రిపోర్టు తెస్తే, రెండూ సాంకేతిక సలహా కమిటీ ముందుకు వెళ్తాయి.

ఇక రీడెవలప్‌మెంట్ ఆశ, అంటే పాతది కూల్చి కొత్తది కట్టడం. మీ ముగ్గురి లెక్కంతా దాని మీదే నిలబడి ఉందని నాకు అర్థమైంది. ముంబై పాత నగరంలో 1969 సెప్టెంబరు నెలాఖరు లోపు కట్టిన అద్దె బిల్డింగులు 'సెస్' బిల్డింగులు. మొదట లెక్క తీసినప్పుడు ఇవి 19 వేలకు పైగా ఉన్నాయి. అద్దెవాళ్ళు సెస్ అనే మరమ్మతు పన్ను కడతారు, ఆ సొమ్ముతో మ్హాడా (రాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) మరమ్మతు బోర్డు పని చేయాలి. వీటిని కూల్చి కట్టడానికి 33(7) అనే నిబంధన ఉంది. ప్రతి అద్దెదారుకీ కనీసం 300 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా కట్టివ్వాలి, అందుకు బదులుగా అమ్ముకోవడానికి అదనంగా కట్టుకోనిస్తారు. కాగితం మీద అందరికీ లాభమే. కానీ బిల్డరు మధ్యలో ఆపేస్తే? మా వెనక వీధిలో అలా ఒక గొయ్యి తొమ్మిదేళ్ళు నీళ్ళతో నిండి ఉంది. అందులో ఇల్లున్న నా స్నేహితురాలు తాత్కాలికంగా ఉంచే ట్రాన్సిట్ క్యాంపులోనే కన్నుమూసింది.

పైగా నువ్వు మోజుపడింది ఆ బాల్కనీల మీద. వాటిని కూల్చాకే లాభం వస్తుందంటే, నువ్వు కొంటున్నది దేన్ని? ఈ ఒక్కటి ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. ఈ బిల్డింగు ఎప్పటికీ రీడెవలప్‌మెంటుకి వెళ్ళకపోయినా, ఇప్పుడున్నట్టే ఇంకో నలభై ఏళ్ళు నిలబడినా, ఈ ధర మీకు సమ్మతమేనా? అవును అనగలిగితేనే ముందుకు రండి. అలా అయితే లెక్క రెండు ఖాళీ ఫ్లాట్ల మీద వేయాలి. వాటిని లీవ్ అండ్ లైసెన్స్ మీద, అంటే గడువు పెట్టి రాసుకునే ఒప్పందం మీద ఇస్తే వచ్చే అద్దె, దాని నుంచి పన్నులు, బిల్డింగు మొత్తం మరమ్మతు ఖర్చు తీసేయి. అద్దె ఇల్లు బాగు చేయించాల్సిన బాధ్యత చట్టం ప్రకారం యజమానిదే. నిలిచేది ఎంతో చూసి, అమ్మేవాళ్ళకి ఆ ధరే చెప్పు. వారసులు నలుగురూ నాలుగు ఊళ్ళలో ఉన్నారన్నావు, కాబట్టి బేరానికి వీలుంటుంది.

వారసుల మాట వచ్చింది కాబట్టి కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, వీటికి మంచి వకీలు ఎలాగూ కావాలి. సిటీ సర్వే ఆఫీసు నుంచి ప్రాపర్టీ కార్డు, అంటే స్థలం ఎవరి పేరున ఉందో చెప్పే కాగితం తీయించు. 1896లో ప్లేగు వచ్చాక 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. గాలీ వెలుతురూ ఉండే వీధులు కావాలని దాదర్, మాటుంగా పేటల్ని గీసింది వాళ్ళే. ఆ ట్రస్టు లీజుకిచ్చిన స్థలాలు ఇప్పుడు మున్సిపాలిటీ చేతిలో ఉన్నాయి. నీ బిల్డింగు కింది నేల సొంతమా, లీజా, లీజైతే ఎన్నేళ్ళు మిగిలింది, చేతులు మారినందుకు ఎంత కట్టాలి అన్నది ముందే తెలియాలి. వారసత్వ కట్టడాల జాబితాలో పేరుందేమో కూడా చూడు. ముంబైలో ఆ నిబంధనలు 1995లో వచ్చాయి. ఒకటి, రెండు, మూడు గ్రేడ్లు. ఒకటో గ్రేడయితే లోపలా బయటా చేయి పెట్టడం కష్టం. మూడో గ్రేడయితే సడలింపు ఎక్కువ. ఓవల్ మైదానం పక్కన, మెరీన్ డ్రైవ్ మొదటి వరసలో ఉన్న ఆర్ట్ డెకో బిల్డింగులకి, అంటే నువ్వు మోజుపడ్డ ఆ గుండ్రటి బాల్కనీల తరహా వాటికి, 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన మాటుంగా బిల్డింగులు ఆ పటంలో లేవు కానీ వాటి తోబుట్టువులే.

ఇంకొకటి. మొత్తం నెల అద్దెకు వంద రెట్లు కట్టి, అద్దెవాళ్ళ సొసైటీయే సెస్ బిల్డింగుని తీసుకునేలా 1986లో చట్టం సవరించారు. యజమానులు దాని మీద 1992లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2024 నవంబర్ 5న తొమ్మిదిమంది జడ్జీల బెంచి, ప్రైవేటు ఆస్తులన్నీ సమాజపు ఉమ్మడి వనరులు కావని చెప్పింది. ఇది నీకు ఎంతవరకు వర్తిస్తుందో వకీలుని తప్పకుండా అడుగు.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన సంగతి, ఇనుము. పదహారేళ్ళు మా సొసైటీ సెక్రటరీగా చేసి నేర్చుకున్నది ఇదే.

1930లలో కట్టిన బిల్డింగులు తొలితరం ఆర్‌సీసీ, అంటే లోపల ఇనుప కడ్డీలు వేసి పోసిన కాంక్రీటు. కాంక్రీటు ఆరోగ్యంగా ఉన్నంతకాలం లోపలి ఇనుముకి తుప్పు పట్టనివ్వదు. ఏళ్ళు గడిచేకొద్దీ గాలి లోపలికి దిగి ఆ గుణాన్ని చంపేస్తుంది. దానికి తోడు సముద్రపు ఉప్పు గాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి పైన ఉన్న కాంక్రీటుని పగలగొట్టి బయటికి తోస్తుంది. నువ్వు మెచ్చుకున్న ఆ పొడవాటి సన్‌షేడ్లే మొదట రాలతాయి. ఆ తర్వాత బాత్రూముల కింది శ్లాబులు.

1991లో మా బిల్డింగుకి మొదటిసారి మరమ్మతు చేయించాం. తక్కువ రేటు చెప్పిన కాంట్రాక్టరుకి ఇచ్చాం. అతను తుప్పు గీకకుండానే పైన సిమెంటు పూసి, రంగు వేసి, కొబ్బరికాయ కొట్టించాడు. నాలుగో వానాకాలంలో మూడో అంతస్తు సన్‌షేడ్ పెళ్ళ ఊడి, స్కూలుకి వెళ్ళే పిల్లల దారిలో పడింది. ఆరోజు ఆదివారం కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ ఆ చప్పుడు నా చెవుల్లో ఉంది. రెండోసారి శ్లాబుల కింద కర్రల ఊతాలు పెట్టి, పాడైన చోటల్లా ఇనుము బయటపడేదాకా కొట్టించి, తుప్పు గీకించి, సన్నబడిన చోట కొత్త కడ్డీలు కలిపి, స్తంభాలకి జాకెటింగ్, అంటే చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు చేయించాం. ఏడాదిన్నర పట్టింది. మొదట అనుకున్న దానికి దాదాపు రెట్టింపైంది, ఎందుకంటే కొట్టి చూస్తే తప్ప లోపల ఏముందో తెలియదు. నీ లెక్కలోనూ మరమ్మతు అంచనాకి సగమైనా అదనంగా కలుపుకో.

ముప్ఫై ఏళ్ళు దాటిన బిల్డింగుకి స్ట్రక్చరల్ ఆడిట్, అంటే కట్టడం ఎంత గట్టిగా ఉందో ఇంజనీరు చేత పరీక్ష చేయించడం, ఇక్కడ తప్పనిసరి. అమ్మేవాళ్ళు చూపించే రిపోర్టు చాలదు, నీ ఇంజనీరుని నువ్వు పెట్టుకో. అతను సుత్తిలాంటి పరికరం ఒత్తి, 'రీడింగ్ బాగుంది' అని వెళ్ళిపోతే ఒప్పుకోకు. పాతబడిన కాంక్రీటుకి పై పొర గట్టిపడుతుంది, అందుకే ఆ రీడింగు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. కోర్ తీయమను, అంటే కాంక్రీటు లోపలి దాకా తొలిచి ఒక ముక్క తీయడం. తీసిన ముక్క మీద ఫినాఫ్తలీన్ చుక్కలు వేయమను. గులాబీ రంగు వచ్చిన మేర కాంక్రీటు ఇంకా ఇనుముని కాపాడుతోంది, రంగు రాని మేర కాపాడటం లేదు. రంగు రాని పొర కడ్డీల దాకా వెళ్ళిందా అన్నది నీ కళ్ళతో నువ్వే చూడు. టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ ఎన్ని పొరలుందో కూడా అడుగు. కారిన ప్రతిసారీ పాతది తీయకుండా కొత్తది వేస్తూ పోతే ఆ బరువంతా పాత శ్లాబు మోయాలి. గోడ పగుళ్ళలో రావి మొక్కలుంటే వేరు ఎంత లోపలికి పోయిందో చూడాలి, పైన కత్తిరిస్తే లాభం లేదు.

ఆ పది కుటుంబాల దగ్గరికి కొనక ముందే వెళ్ళు. కొన్నాక వెళ్తే కొత్త యజమాని అంటారు, ఇప్పుడు వెళ్తే పిలిచి కాఫీ ఇస్తారు. పదింటిలో రెండు తమిళ కుటుంబాలు, ఒకటి మనవాళ్ళదే. ఆ ఇంటావిడ దాదర్ ఆంధ్ర మహాసభలో ఉగాదికి కలుస్తూ ఉంటుంది, నేను తీసుకెళ్తాను. ఏ గోడ ఏ నెలలో చెమ్మగిల్లుతుందో, నీళ్ళ ట్యాంకు ఎప్పుడు పగిలిందో, పాత యజమాని ఎవరికి రసీదు ఇవ్వడం మానేశాడో ఆవిడ చెప్పినంత వివరంగా ఏ రిపోర్టూ చెప్పదు. 2005 జులై 26న శాంతాక్రజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన పడింది, మా కింగ్స్ సర్కిల్ మునిగింది. ఆ రోజు ఆ బిల్డింగు మెట్లలో ఎన్నో మెట్టు దాకా నీళ్ళొచ్చాయో కూడా ఆవిడనే అడుగు. ఖాళీగా ఉన్న రెండింటిలో ఒకటి గ్రౌండ్ ఫ్లోర్ కదా.

డబ్బు విషయం నాన్నతో మాట్లాడావా? ఉప్పల్ ప్లాటు అమ్మిన సొమ్ము మొత్తం ఇందులో పెట్టకు. ఇలాంటి బిల్డింగుకి అప్పు దొరకడం కష్టం, కాబట్టి మరమ్మతు డబ్బు మీ ముగ్గురి చేతిలోనే ఉండాలి. ముగ్గురి మధ్యా రాతకోతలు ముందే చేసుకోండి. ఒకరికి మధ్యలో డబ్బు అవసరమైతే మిగతా ఇద్దరూ ఏ ధరకి కొనాలో అందులో ఉండాలి. స్నేహితులే అయినా రాసుకోండి.

అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకు. జులైలో వాన బాగా దంచుతున్నప్పుడు నాలుగు రోజులు సెలవు పెట్టి రా. ఎండలో తీసిన ఫోటోలు చాలవు. గొడుగు పట్టుకుని ఇద్దరం ఆ మెట్లన్నీ ఎక్కుదాం, టెర్రస్ మీద నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో చూద్దాం. వచ్చేటప్పుడు పాత అద్దె రసీదుల కాపీలు, లీజు కాగితం అడిగి తీసుకురా. అవి ఇవ్వడానికి వారసులు వెనకాడితే టికెట్ క్యాన్సిల్ చేసుకో, నాకు ఒక్క ఫోన్ చెయ్యి చాలు.

మా వదినకి, అదే మీ అమ్మకి, అడిగానని చెప్పు. ఆవకాయ జాడీ పంపమని గుర్తుచెయ్యి.

నీ మేనత్త